పాత సర్వరు విలువ

సర్వరు అనే మాట బందరు, గుడివాడ ప్రాంతముల వారికి కొత్తది కాదు. కాఫీ హోటలులో బల్ల దగ్గరకు వచ్చి, "ఏం కావాలండీ" అని అడిగి, వంటగదిలోనికి కేకవేసి, ఎవరు అడిగినది వారి ముందు ఉంచే మనిషిని మనము చిరకాలముగా ఆ మాటతోనే పిలుచుకొంటున్నాము. కంప్యూటరు శాస్త్రములో సర్వరు అనే యంత్రము చేసే పని కూడా అదే. పది మంది పది చోట్ల కూర్చుని అడుగుతారు. ఒక్క యంత్రము ఎవరికి కావలసినది వారికి అందించును. హోటలు సర్వరు సంగతి వలెనే దీని సంగతియు. ఉన్నన్నాళ్ళు ఎవరి కంటికీ ఆనదు. ఒక పూట రాకపోతే అందరికీ గుర్తుకు వచ్చును.

మన కళాశాల సామాను గదిలో అటువంటి సర్వరు ఒకటి ఉన్నది. ఈ సంవత్సరము తయారైన పనికిరాని వస్తువుల జాబితాలో, విరిగిన బెంచీలకును తుప్పు పట్టిన ఫ్యానులకును నడుమ, "పాత కంప్యూటరు, పెద్దది – 1" అని అది ఎక్కినది. కమిటీ సమావేశములో జాబితా ఆమోదము పొందిన పిమ్మట తుక్కు వ్యాపారి వచ్చి, కాటా వేసి తూచి తీసుకొనిపోవుట ఆచారము. ఆ ఒక్క పంక్తి విషయమై కమిటీ పెద్దలకు విన్నవించుకొనుటకును, ఎల్లవేళలా ఫోను చేతబట్టుకొని తిరిగే మన విద్యార్థులకు పాత యంత్రముల లోపలి సంగతులు కొన్ని చెప్పుటకును ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

ముందుగా యంత్రమును చూడుడు. 1995లో మన కళాశాలకు వచ్చిన ఈ సర్వరు మోకాలి ఎత్తు ఇనుప పెట్టె. లోపల ఉన్నది ఇంటెల్ 80486 డీఎక్స్2 ప్రాసెసరు. దాని వేగము 66 మెగాహెర్ట్జ్. జ్ఞాపకశక్తి 16 మెగాబైట్లు. డిస్కు స్కజీ రకమునకు చెందినది, 1 గిగాబైటు. మీ జేబులోని ఫోనులో 8 గిగాబైట్ల ర్యామ్ ఉన్నచో అది దీని జ్ఞాపకశక్తికి 512 రెట్లు. ఇంత కొద్దిపాటి సత్తువతో ఈ యంత్రము ఏకకాలమున 12 కంప్యూటర్లను పోషించినది. ఆ పన్నెండింటిలో ఒక్కదానికీ డిస్కు లేదు, ఫ్లాపీ లేదు. ప్రతిదాని నెట్‌వర్కు కార్డు మీద బూట్ రోమ్ అనే చిన్న చిప్పు మాత్రము ఉండేది. స్విచ్చి వేయగానే అది, "నేను లేచినాను, నాకు కావలసినది పంపుము" అని తీగ మీద కబురు పెట్టేది. సర్వరు పంపినది అందుకొన్న తరువాతనే ఆ పెట్టె కంప్యూటరు అయ్యేది. డిస్కుల ఖరీదు మిక్కుటముగా ఉన్న ఆ రోజులలో అనేక కళాశాలలు ఇటువంటి ఏర్పాటుతోనే కంప్యూటరు చదువు చెప్పినవి.

తీగ కూడా నేటి తీగ కాదు. టీవీ కేబులును పోలిన నల్లని కోయాక్సియల్ కేబులు ఒక కంప్యూటరు నుండి మరొక దానికి, పూలదండలోని దారము వలె సాగేది. ఆ దండ 185 మీటర్లకు మించరాదు. రెండు కొసలలోను 50 ఓముల టెర్మినేటరు బిగించవలెను. లేనిచో సంకేతము కొసను తాకి వెనుకకు మరలి, తన వెనుక వచ్చే సంకేతమును చెడగొట్టును. ఎవరి కాలో తగిలి ఒక్క టీ కనెక్టరు వదులైనచో గది మొత్తము నిలిచిపోయేది. ప్రాక్టికల్ పరీక్ష నాడు కావాలని కాలు తగిలించినవారు లేకపోలేదు. వారిలో కొందరు నేడు పెద్ద ఉద్యోగములలో ఉన్నందున ఆ వివరములు ఇక్కడ వ్రాయము.

దీని మీద నడిచినది నోవెల్ కంపెనీ వారి నెట్‌వేర్ 3.12. నేటి విద్యార్థి దీని పేరు విని ఉండడు కాని, దీని పనితనము ఇప్పటికిని చదువదగినది. ఏ ఫైలు డిస్కులో ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టికను ఇది ఎల్లప్పుడు జ్ఞాపకములోనే ఉంచుకొనును; అందుకై మాటిమాటికి డిస్కు దగ్గరకు పోవలసిన పని లేదు. పన్నెండు మంది ఒకేసారి అడిగినప్పుడు, అడిగిన వరుసలో కాక, డిస్కు తల సాగే దారిలో ఏది ముందు తగిలితే దానిని ముందు అందించును. విజయవాడ నుండి అవనిగడ్డ పోయే బస్సును తలచుకొనుడు. మోపిదేవి ప్రయాణీకుడు టిక్కెట్టు ముందు కొన్నాడని అతనిని ముందు దింపి, వెనుకకు తిరిగి వచ్చి కూచిపూడి వారిని దింపదు గదా. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి అని దారిలో తగిలిన ఊరి వారిని తగిలినట్లు దింపుకొంటూ పోవును. ఇదియు అంతే. డిస్కులో చెడిన చోటు ఎదురైనప్పుడు అక్కడ వ్రాయవలసిన సమాచారమును, ముందే విడిగా కేటాయించి ఉంచుకొన్న మంచి చోటికి తానే మార్చుకొనును. ఎవరూ మీటలు తాకనప్పుడు తెర మీద ఒక పాము తిరిగేది. సర్వరుకు పని పెరిగిన కొద్దీ ఆ పాము పొడవు పెరిగేది, పరుగు హెచ్చేది. ఆ రోజులలో మేము గదిలో అడుగుపెట్టగానే చూచేది విద్యార్థుల ముఖములు కాదు, పాము పొడవు.

ఇక ఇటువంటి యంత్రముల పూర్వీకుల మాట. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వెలసినది. దానిని నెలకొల్పి నడిపిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించినవారు. ట్రాంబే అణుశక్తి కేంద్రములో రూపు దిద్దుకొన్న టీడీసీ–12 అనే కంప్యూటరు 1969లో ఈ సంస్థ ద్వారా వెలువడినది. టీడీసీ అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అనగా ఒక్కసారికి అది పట్టుకొనగల బిట్ల సంఖ్య. తరువాత 1974లో టీడీసీ–312, 1975లో 16 బిట్ల టీడీసీ–316 వచ్చినవి. మన తెలుగు నేల మీద, మన వారి చేతులతో కంప్యూటర్లు తయారైన తొలి రోజులు అవి.

ఆ తరము యంత్రముల జ్ఞాపకము చిప్పులో ఉండేది కాదు. ఆవగింజంత ఫెరైట్ వలయములను సన్నని రాగి తీగలతో చేపల వల వలె అల్లేవారు. ఒక్కొక్క వలయము ఒక్కొక్క బిట్టు. అయస్కాంతత్వము ఒక దిశలో ఉంటే సున్న, మరొక దిశలో ఉంటే ఒకటి. అందులో ఒక వింత ఉన్నది: చదివినంతనే వ్రాసినది చెరిగిపోవును, కనుక చదివిన ప్రతిసారి తిరిగి వ్రాయవలెను. కాని కరెంటు పోయినంత మాత్రమున చెరగదు. నేటి ర్యామ్‌కు ఈ సుగుణము లేదు. కరెంటు ఎప్పుడు పోవునో తెలియని మన ఊళ్ళకు ఆ పాత వల చక్కగా సరిపోయేదని మాకు తోచును.

ఐబీఎం వారి 1401 కథ మరొకటి. 1959లో వచ్చిన ఈ యంత్రము ప్రపంచమంతట పదివేలకు పైగా నడచినది. మన దేశములోను నడచినది. అయినను నేడు అమెరికాలోని మౌంటెన్ వ్యూ నగరపు కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాలలో వాటిలో రెంటిని నడిపించి చూపుట గొప్ప విశేషముగా చెప్పుకొంటున్నారు. ఒకటి జర్మనీ నుండి తెచ్చినది, రెండవది కనెక్టికట్ రాష్ట్రములో దొరికినది. ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీర్లు ఏండ్ల తరబడి జీతము లేకుండ కూర్చుని వాటికి ప్రాణము పోసినారు. పదివేలు ఏమైనవి? ఆ యంత్రములలో అధిక భాగము అమ్మినవి కావు, నెలకు ఇంత అని అద్దెకు ఇచ్చినవి. అద్దె తీరగానే కంపెనీ వెనుకకు తీసుకొనేది. కొత్తది వచ్చినందున పాతది తుక్కయ్యేది. విదేశీ వాటా తగ్గించుకొనవలెనన్న చట్టమునకు సమ్మతింపక ఐబీఎం 1978లో భారతదేశమును విడిచి వెళ్ళినప్పుడు, ఇక్కడ మిగిలిన యంత్రముల మరమ్మతు భారము ప్రభుత్వ రంగములోని సీఎంసీ సంస్థ మీద పడినది. అదే సీఎంసీ 1985లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషనును వ్యాక్స్ కుటుంబపు కంప్యూటర్ల మీదికి ఎక్కించినది. దాని తరువాతి తరము ఏర్పాటైన కాన్సర్ట్ 1994లో మొదట అడుగుపెట్టినది మన సికింద్రాబాదులోనే. రిజర్వేషను ఫారము నింపి వరుసలో నిలిచిన మన తల్లిదండ్రులు, తాము కన్నెత్తి చూడని ఒక సర్వరు చేతి భోజనమే తిన్నారన్నమాట.

వ్యాక్స్ అనగానే ఒక సంగతి చెప్పక తప్పదు. 1977 అక్టోబరులో వెలువడిన వ్యాక్స్–11/780 బీరువాల వరుసంత యంత్రము. దానిని నిద్ర లేపుటకు లోపల మరొక చిన్న కంప్యూటరు ఉండేది. ఆ చిన్నదానికి 8 అంగుళముల ఫ్లాపీ ఒకటి కావలెను. ఆ ఫ్లాపీ పోయినదా, పెద్ద యంత్రము బీరువాల వరుస మాత్రమే. పాత సర్వర్ల విలువ విషయమున మేము తెలుసుకొన్న ముఖ్య సూత్రము దీనిలోనే ఉన్నది.

విలువ అనగానే కొందరు బంగారమును తలచెదరు. నిజమే, 1980లు, 90ల నాటి సెరామిక్ ప్రాసెసర్ల కాళ్ళకు బంగారు పూత ఉండును. ఆమ్లములలో వేసి దానిని కరిగించి తీసే బస్తీలు ఢిల్లీ చుట్టుప్రక్కల ఉన్నవి. అక్కడి పిల్లలు పీల్చే పొగ సంగతి వేరే వ్రాయవలసినది. మరికొందరు వేలము పాటలను తలచెదరు. 2014లో ఆపిల్–1 అనే తొలినాటి చిన్న కంప్యూటరు ఒకటి న్యూయార్కు వేలములో 9,05,000 డాలర్లకు పోయినది. ఆ వార్త చదివిన మా విద్యార్థి ఒకడు పరుగున వచ్చి, "సార్, మన సర్వరుకు ఎంత వస్తుంది?" అని అడిగినాడు. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను: పెద్దగా ఏమీ రాదు. 486 యంత్రములు లక్షలకొలది తయారైనవి; మనది అరుదైనది అని మేము కమిటీని భ్రమపెట్టదలచలేదు. సేకరణదారులు అధిక మూల్యము పెట్టేది దీపములు, మీటలు వరుసగా ఉండే ముందు పలకలు గల మినీ కంప్యూటర్లకు. అందులోను పలక, డిస్కులు, కేబుళ్ళు, మాన్యువల్లు, మొదలు పెట్టే ఫ్లాపీ అన్నీ కలిసి ఉన్నప్పుడు. విడివిడిగా ఉంటే అన్నియు అలంకార వస్తువులే.

పెడన వైపు వెళ్ళినవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. కలంకారీ అద్దకములో ఒక పువ్వుకు గీత అచ్చు వేరు, ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అచ్చు వేరు. నాలుగు చెక్క అచ్చులలో ఒకటి పోయినచో మిగిలిన మూడింటిని గోడకు వేలాడదీసికొనవచ్చును గాని ఆ పువ్వు మరల గుడ్డ మీద పూయదు. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన కేంద్రములో 1990లో తొలి వెబ్ సర్వరుగా పనిచేసిన నెక్స్ట్ కంప్యూటరు మీద, ఇది సర్వరు, దీనిని ఆపవద్దు అనే అర్థము వచ్చునట్లు చేతితో వ్రాసిన చీటీ అంటించి ఉన్నది. యంత్రముతోబాటు ఆ చీటీని కూడా భద్రపరచినారు. చిరిగిన కాగితమును పారవేయలేదు. అది లేనిచో ఆ నల్లని పెట్టె వేల పెట్టెలలో ఒకటి.

మేము ఘంటసాల వారము. మా ఊరిలో చిన్నప్పటి నుండి చూచిన విషయము ఒకటి ఇక్కడ చెప్పవలెను. రెండవ శతాబ్దమున టోలెమీ తన భూగోళములో పేర్కొన్న కంటకోస్సిల రేవు మా ఊరేనని పండితులు చెప్పుదురు. అక్కడి బౌద్ధ స్తూపపు చలువరాతి శిల్పములు కొన్ని మా ఊరి పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నవి; ఒకటి పారిస్‌లోని గిమే ప్రదర్శనశాల దాకా పోయినది. కృష్ణకు ఎగువన అమరావతిలో 1797లో కల్నల్ మెకంజీ చూచేనాటికే స్తూపపు రాళ్ళను జనులు ఇళ్ళ పనులకు తరలించుచుండిరి. ఆ పిమ్మట ఎన్నో శిల్పములు సున్నపు బట్టీల పాలైనవి. బట్టీ పెట్టినవారు దుర్మార్గులు కారు. వారికి అది పూజలు నిలిచిపోయిన పాత రాయి. ఇంకను చరిత్ర కాలేదు. ప్రతి వస్తువుకును ఇటువంటి గండము ఒకటి ఉన్నట్లు తోచును. పని తీరిపోయి ఉండును, ప్రాచీనత ఇంకను వచ్చి ఉండదు; ఆ నడిమి కాలములో దానికి ఉండేది సున్నపు ధర, తుక్కు ధర మాత్రమే. చలువరాతికి ఆ నడిమి కాలము శతాబ్దములు. కంప్యూటరుకు ముప్పది ఏండ్లు.

మన సర్వరు ఇప్పుడు సరిగా ఆ గండములో ఉన్నది. అయితే మన అభ్యర్థన దాని పెట్టె కొరకు కాదు, దాని కడుపులోని వాటి కొరకు.

మూడేండ్ల క్రితము ఒక పూర్వ విద్యార్థి గల్ఫు దేశము నుండి ఉత్తరము వ్రాసినాడు. 1996లో ఇక్కడ చేరినవాడు. అక్కడి ఉద్యోగములో పుట్టిన తేదీ విషయమై చిక్కు వచ్చి, ప్రవేశపు రిజిస్టరులోని తన పుట నకలు కావలెనని కోరినాడు. ఆ సంవత్సరపు రిజిస్టరు వాన నీటికి తడిసి, పుటలు ఒకదానికొకటి అంటుకొని, విప్పబోతే పొడిపొడిగా రాలినది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచిన ఈ దివిసీమ ప్రాంతమున నీటికి పోయిన కాగితముల కథ కొత్తది కాదు. ఆఫీసు గుమాస్తాగారు చేతులెత్తివేసినారు. అప్పుడు మాకు, 1995 నుండి ప్రవేశపు వివరములను ఫాక్స్‌ప్రోలో కూడా ఎక్కించేవారమన్న సంగతి గుర్తుకు వచ్చినది. సామాను గదిలోని సర్వరును దింపి, దుమ్ము దులిపి, స్విచ్చి వేసినాము. మొదటిసారి డిస్కు తిరగలేదు. ఏండ్ల తరబడి కదలని డిస్కులో తల పళ్ళెమునకు అంటుకొనిపోవుట ఉన్నదే. పెట్టెను రెండు చేతులతో పట్టుకొని మెల్లగా ఒకసారి పక్కకు తిప్పి, మరల స్విచ్చి వేసినాము. గరగరమని తిరిగినది. కొంతసేపటికి తెర మీద పాము వచ్చినది. ఆ అబ్బాయి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ప్రవేశపు సంఖ్య ఉన్నవి ఉన్నట్లు కనబడినవి. ప్రిన్సిపాలుగారు సంతకము చేసి పంపిన నకలు అక్కడ చెల్లినది. ఉద్యోగము నిలిచినది.

అప్పుడే చూచినాము, ఆ డిస్కులో మరొకటి ఉన్నది. ఈ వార్షిక సంచికను కుడివైపు నుండి తెరిచి చదివే మిత్రులు దీనిని శ్రద్ధగా వినవలెను. ఒకప్పుడు ఉర్దూ పుటలను కాతిబు చేతితో వ్రాసి ఇచ్చేవాడు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్ వచ్చిన తరువాత ఆ వంపుల అక్షరము యంత్రమునకు లొంగినది. 1994లో ఇన్‌పేజ్ వచ్చి మన వంటి చిన్న కళాశాలలకు కూడా దానిని అందించినది. 1996 నుండి 1999 వరకు మన సంచిక ఉర్దూ, తెలుగు పుటలు రెండును కంప్యూటరు మీద కూర్చినవే. వాటి ప్రతులు ఈ సర్వరులో దాచినవే. అచ్చు సంచికలు మన గ్రంథాలయములో ఒక్కొక్కటి చొప్పున కూడా మిగలలేదు.

ఫైళ్ళు ఉన్నవి గదా, మరొక కంప్యూటరు మీద తెరువరాదా అని అడుగవచ్చును. తెలుగు పుటలతోనే చిక్కు. యూనికోడు వాడుకలోనికి రాకముందు ప్రతి ఫాంటు తయారీదారుడును తలకట్టుకు ఒక సంఖ్య, గుడికి ఒక సంఖ్య, ఒత్తుకు ఒక సంఖ్య అని తనకు తోచినట్లు ఇచ్చుకొన్నాడు. ఆ ఫాంటు లేకుండ ఫైలు తెరిచినచో మన విద్యార్థుల పద్యములకు బదులు ఇంగ్లీషు అక్షరములు, డాలరు గుర్తులు, ప్రశ్నార్థకములు కనబడును. ఆ ఫాంటు కూడా ఇదే డిస్కులో, దాని పక్క గదిలోనే ఉన్నది. తాళము, తాళపుచెవి ఒకే పెట్టెలో ఉన్నట్లు. పైగా నెట్‌వేర్ తన డిస్కును విభజించుకొనే పద్ధతి వేరగుటచే నేటి విండోస్ దానిని చదువలేదు. ఈ సర్వరును నడిపించి, నెట్‌వర్కు మీదుగా బయటకు తీయుట అన్నింటికంటె సులభమైన దారి. కనుకనే పెట్టె, కేబులు, రెండు టెర్మినేటర్లు, పని చేసే ఒక పాత కంప్యూటరు, అన్నీ కలిసి ఉండవలెనని మేము కోరునది.

ఆలస్యము చేయుటకు వీలులేని కారణములు కూడా ఉన్నవి. ఆ కాలపు మదరుబోర్డు మీద గడియారమును నడుపుటకు అతికించిన నికెల్ కాడ్మియం బ్యాటరీ కాలక్రమమున కారును. ఆ ద్రవము పక్కనున్న సన్నని రాగి గీతలను తినివేయును. మనదానిలో అప్పటికే ఆకుపచ్చని చిలుము పట్టినది. బ్యాటరీని మేము కత్తిరించి తీసివేసినాము, బోర్డును తుడిచినాము. పవరు సప్లైలోని కెపాసిటర్లు ఎండుచున్నవి. దీనికి తోడు సముద్రపు గాలిలోని ఉప్పు. బందరులో ఇనుప కిటికీ చువ్వల గతి చూచినవారికి కనెక్టర్ల గతి ఊహించుట కష్టము కాదు. మరల స్విచ్చి వేసినప్పుడు డిస్కు తిరుగునన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

కమిటీ పెద్దల దృష్టికి మరొక మాట. కేంద్ర ప్రభుత్వము 2022లో చేసిన ఇ-వ్యర్థముల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. వాటి ఉద్దేశ్యము ప్రకారము పాత కంప్యూటర్లు పోవలసినది నమోదైన రీసైక్లింగు సంస్థకే. బెంచీలతోబాటు కాటా మీదికి కాదు. కనుక జాబితాలోని ఆ పంక్తిని ఈ ఏటికి కొట్టివేసినందున కళాశాలకు వచ్చే నష్టము లేదు. తుక్కు వ్యాపారి ఇదివరకే చూచి చెప్పిన ధర ఈ సంచిక అట్ట కాగితము ఖర్చుకు కూడా చాలదు.

ఇప్పటికి మేము బయటకు తీయగలిగినవి 1995, 1996, 1997 సంవత్సరముల ప్రవేశపు వివరములు, 1996 సంచిక తెలుగు పుటలు. మూడవ సంవత్సరపు విద్యార్థులు ఇద్దరు ఆ పాత ఫాంటు సంఖ్యలను యూనికోడులోనికి మార్చే పట్టికను వ్రాసి, మొదటి పది పుటలను సరిచూచినారు. ఉర్దూ పుటలు నాలుగు సంవత్సరములవి అలాగే ఉన్నవి. వాటిని చదివి సరిచూచుటకు ఉర్దూ శాఖ వారి సాయము కావలెను. మాకు కావలసినది సామాను గది తాళపుచెవి, ఒక యూపీఎస్, మూడు ఆదివారములు.